కొత్త ఇంజన్ ఏడుపు

కొత్త కోడలిగా నాకు జరగని మర్యాదలన్నీ మా ఇంట్లో పడవకి కొన్న ఆ ఇంజన్‌కి జరిగాయి. నేను ఈ గడప తొక్కిన మర్నాడే పనియమ్మ అనే మా అత్త నా నెత్తిన చేపల బుట్ట పెట్టి బజారుకి పంపింది. ఇంజన్ వచ్చిన రోజున మాత్రం చర్చి నుంచి ఫాదర్‌ని పిలిపించింది. ఆయన పవిత్ర జలం చల్లాడు. అత్త మల్లెపూల దండ వేసింది. తను ఏడేళ్ళ క్రితం వేళాంగణికి కాలినడకన వెళ్ళినప్పుడు తెచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పెట్టెలో దాచుకున్న మాత బొమ్మని బయటికి తీసింది. అరచేయంత బొమ్మ, చుట్టూ బంగారు రంగు అంచు, వెనక జిగురు. ఇంజన్ ఎడమ పక్కన కంపెనీవాళ్ళ కాగితం ఒకటి చదునుగా కనిపిస్తే, అక్కడైతే బాగా పట్టుకుంటుందని దాని మీదే అతికించి, అంచులు బొటనవేలితో నొక్కి, ముద్దు పెట్టుకుంది.

"ఇక దీనికి ఏ భయమూ లేదు" అంది.

మొదటి రోజు నిజంగానే ఏ భయమూ లేకపోయింది. షాపు నుంచి ఆటోలో నిలబెట్టి తెచ్చిన ఇంజన్‌ని మా ఆయన క్లీటస్ సరాసరి పడవకి బిగించి ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. మా పాత ఇంజన్ కిరసనాయిలు తాగి, ఊరంతా వినబడేలా దగ్గి, నల్లగా పొగ కక్కేది. ఇది అసలు నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాలి. క్లీటస్ మొహం వెలిగిపోయింది. ఒడ్డున నిలబడ్డవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

మా ఊరు కొచ్చుకడవులో ఇంజన్‌ని పడవ మీద వదిలేసే అలవాటు లేదు. రేవు లేదు, ఉన్నదల్లా ఇసుకే. చేపలు దింపాక ఇంజన్‌ని ఊడదీసి, వెదురుగడకి వేలాడదీసి, ఇద్దరు మగవాళ్ళు భుజాన వేసుకుని ఇంటికి మోసుకొస్తారు. వరండాలో గోనెసంచుల మీద పడుకోబెడతారు. తెల్లవారగానే మళ్ళీ మోసుకెళతారు. ఇక్కడ ఏ ఇంటికెళ్ళినా తలుపు పక్కన ఒక ఇంజన్ పడుకుని ఉంటుంది, ముసలి తాతలాగా.

రెండో రోజు పొద్దున్న తాడు లాగితే ఇంజన్ ఒక పట్టాన మేలుకోలేదు. పదిసార్లు లాగాక లేచి తెల్లగా పొగ వదిలింది. పొగని మావాళ్ళెవరూ పట్టించుకోలేదు. పాతదాని పొగలో పెరిగిన ముక్కులు కదా! పడవ అలల దాకా వెళ్ళిందో లేదో, "కీ..." అని మొదలుపెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. వేగం దానంతట అదే పడిపోయింది. క్లీటస్ ఆపేశాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ "కీ...".

ఒడ్డున బుట్ట పట్టుకుని నిలబడ్డ నాకు ఆ కూత చెవుల్లో సూది గుచ్చినట్టు వినబడింది. మా మామయ్య శిలువయ్యన్ ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన కూర్చుని చెవులు సగం పోగొట్టుకున్న మనిషి. ఆ కూత ఆయన చెవుల్లోకి కూడా దూరింది. ఆయన ఇసుకలో కూలబడి, "అయ్యో, మళ్ళీనా!" అన్నాడు.

ఆ 'మళ్ళీ' సంగతి చెప్పాలి. మా ఊరి చర్చి పునీతుడు అంత్రయోస్ పుణ్యవాళన్‌ది. ఆయనా చేపలు పట్టినవాడే కాబట్టి ఏటా పండగనాడు ఆయన విగ్రహాన్ని పడవెక్కించి సముద్రం మీద ఊరేగిస్తాం. ఎవరి పడవ అనేది చీటీ వేసి తీస్తారు. ఒకసారి చీటీ వచ్చిన ఇంటికి, ఊళ్ళో అందరి వంతూ అయ్యాక గానీ మళ్ళీ రాదు. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం మామయ్యకి వచ్చింది. విగ్రహంతో సహా సరిగ్గా అలలు విరిగే చోట ఆయన ఇంజన్ ఆగిపోయింది. ఊరంతా చూస్తుండగా విగ్రహాన్ని పక్క పడవలోకి మార్చి ఊరేగింపు ముందుకు నడిపించారు. ఈయన్ని తాడు కట్టి ఒడ్డుకి లాగారు. ఆ రోజు నుంచి మామయ్య చర్చిలో చివరి వరసలో, గుమ్మం పక్కన కూర్చుంటాడు. ఎవరు పిలిచినా ముందుకి రాడు. చెప్పులకి కాపలా కాస్తున్నాడని ఊళ్ళో నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. కానీ ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సగమే తింటాడు. అది నాకు తెలుసు, వడ్డించేదాన్ని నేనే కాబట్టి.

ఈ ఏడు ఆ చీటీ తిరిగి తిరిగి మా ఇంటికొచ్చింది. ఆయనకిప్పుడు డెబ్బై మూడు. ఇంకో ముప్పై ఏళ్ళు ఆగి మూడోసారి చూద్దాంలే అనుకునే వయసు కాదు. కొత్త ఇంజన్ కొన్నదే అందుకు.

పండగ ఆదివారం. ఇంజన్ ఏడుపు మొదలైంది సోమవారం.

మంగళవారం మా వీధిలో ప్రతి మగవాడూ మెకానిక్ అయిపోయాడు. ఒకడు పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నాడు, పెట్రోల్ మార్చాం. ఒకడు ప్లగ్గు అన్నాడు, ప్లగ్గు మార్చాం. ఇంకొకడు ఇంజన్ వెనక సన్నగా నీళ్ళ ధార వస్తోందా లేదా అని వంగి చూసి, "పోస్తోంది, శుభ్రంగా పోస్తోంది, కిడ్నీలు బాగున్నాయి" అని డాక్టరులా తేల్చాడు. మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి మేమందరం దగ్గాం గానీ ఇంజన్‌లో మార్పేమీ లేదు.

బుధవారం క్లీటస్ దాన్ని మళ్ళీ ఆటో ఎక్కించి టౌన్లో షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ మెకానిక్ రెజి. కాలవల మధ్య ఉండే కుట్టనాడు నుంచి వచ్చిన కుర్రాడు, పని తెలిసినవాడే. మూత విప్పి, నూనె చూసే పుల్ల బయటికి తీసి, కళ్ళు పెద్దవి చేశాడు.

"చేట్టా, అన్నా, ఇందులో నూనె సగమే ఉంది. కొత్త ఇంజన్, ఎక్కడా కారలేదు. ఎవరు తాగుతున్నట్టు?"

"మా ఇంట్లో తాగేది నేనొక్కడినే. నేను తాగేది ఆ నూనె కాదు" అన్నాడట మా ఆయన.

రెజి నూనె నింపి, ఒక రోజంతా షాపులో స్టాండుకి తగిలించి ఉంచి, నీళ్ళ డ్రమ్ములో పెట్టి గంటసేపు నడిపాడు. కిక్కురుమనలేదు. గురువారం సాయంత్రం ఇంటికి తెచ్చాం. శుక్రవారం పొద్దున్న అలల దగ్గర "కీ...".

ఆ కూతకి ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. పండగ కమిటీ పెద్ద బెర్క్‌మాన్స్ అందరికంటే ముందు వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం విగ్రహాన్ని ఎక్కించుకుని ముందుకెళ్ళిన పడవ వాళ్ళ నాన్నదే. ఈ సంగతి అతను ఎప్పుడూ నోటితో అనడు. నిలబడే తీరులోనే అంటాడు.

"క్లీటసే, ఏంట్రా ఇది? పుణ్యవాళన్‌ని ఎక్కిస్తే ఈ ఏడుపు వినలేక ఆయనే దిగి నడుచుకుంటూ పోతాడు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"నీ పడవెక్కితే నీ సోది వినలేక దూకేస్తాడు" అన్నాను నేను.

"మర్సిలీ, నువ్వు ఊరుకో" అన్నాడు మా ఆయన. ఊరుకోవడం నాకు చేతనైతే నేను చేపలు అమ్మేదాన్నే కాదు.

బెర్క్‌మాన్స్ నవ్వు ఆపి మామయ్య వైపు తిరిగాడు. "శిలువయ్యన్ చేట్టా, నాకు మీ మీద కోపం లేదు. కానీ విగ్రహం విషయం. రేపు మధ్యాహ్నం కమిటీ ముందు అల దాటి, ఒక చుట్టు తిరిగి, ఏడుపు లేకుండా వెనక్కి రండి. లేదంటే నా పడవ సిద్ధంగా ఉంది."

మామయ్య తలూపాడు.  ఇంటికొచ్చి కర్రపెండలం దుంప, చేపల పులుసు పెడితే పళ్ళెంలో వేలితో గీతలు గీసి లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బెర్క్‌మాన్స్ మీద కాదు, ఇంజన్ మీద. వరండాలోకి వెళ్ళి దానికి ఎదురుగా కూర్చుని తిట్టాను. "నీకేం తక్కువ చేశామే? ఫాదర్ వచ్చాడు, పూలు వచ్చాయి, పడుకోవడానికి మెత్తగా నాలుగు గోనెసంచులు. షాపులో నోరు మెదపవు, మా ఇంట్లో ఒక రాత్రి పడుకుని లేస్తే ఏడుపు! అత్తారింటికొచ్చిన ఏ పిల్లా ఇంత చెయ్యలేదు."

అది కదలకుండా పడుకుంది. మాత మాత్రం దాని మీద నుంచి నా వంక జాలిగా చూసింది.

శనివారం పొద్దున్న నేను కాఫీ కాస్తుంటే అత్త గుండె రాసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"మోళే, బిడ్డా, కాస్త వేడినీళ్ళియ్యి. నిద్రలో తెలియకుండా కుడి పక్కకి తిరిగినట్టున్నాను. కడుపులోదంతా గొంతులోకొచ్చింది."

ఆవిడకి ఈ బాధ ఎప్పటి నుంచో ఉంది. ఎడమ పక్కకే పడుకోమని డాక్టరమ్మ చెప్పింది. కుడి పక్కకి తిరిగితే తెల్లారాక పుల్లటి తేన్పులు, దగ్గు. నేను వేడినీళ్ళ గ్లాసు అందిస్తూ ఆవిడ భుజం మీదుగా వరండాలోకి చూశాను.

ఇంజన్ కుడి పక్కకి తిరిగి పడుకుని ఉంది.

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. నిన్న నేను తిట్టిన తిట్టే నాకు గుర్తొచ్చింది. షాపులో ఏడవదు. మా ఇంట్లో ఒక రాత్రి పడుకుని లేస్తే ఏడుస్తుంది. షాపులో అది పడుకోలేదు, నిలబడింది! ఆటోలో నిలబడే వచ్చింది. మొదటి రోజు సరాసరి పడవెక్కింది, ఆ రోజూ ఏడవలేదు.

ఫోన్ తీసి రెజికి కొట్టాను.

"రెజి మోనే, బాబూ, నేను క్లీటస్ ఇంటి నుంచి. ఆ ఇంజన్‌ని పడుకోబెట్టడానికి ఏమన్నా పద్ధతుందా?"

"పడుకోబెట్టడమా? ఎందుకు పడుకోబెడతారు చేచీ? పడవకే ఉంటుంది కదా?"

"మీ కాలవల్లో ఉంటుందేమో. ఇక్కడ వదిలేస్తే సముద్రం పట్టుకుపోతుంది. రోజూ ఇంటికి తెస్తాం."

"రోజూనా!" అన్నాడు.  "ఏ పక్కకి పడుకోబెడుతున్నారు?"

"కుడి పక్కకి."

"ఎప్పుడూ కుడి పక్కకేనా?"

"ఎప్పుడూ. ఎడమ పక్కన మాత బొమ్మ ఉంది కదా. మాత మొహం గోనెసంచుల్లోకి పెట్టి ఎలా పడుకోబెడతాం?"

అవతల నుంచి అరుపో నవ్వో తెలియని శబ్దం వచ్చింది. "చేచీ, ఇది పాత ఇంజన్ లాంటిది కాదు. దీని పొట్టలో నూనె విడిగా ఉంటుంది. కుడి పక్కకి పెడితే ఆ నూనెంతా వెళ్ళకూడని చోటికి వెళుతుంది. పొద్దున్న పొగై పోతుంది. నూనె తగ్గింది, నన్ను నడపొద్దు అని అది మొత్తుకుంటోంది. ఎడమ పక్కకే పెట్టాలి. ఇంజన్ మీద బొమ్మ గీసి మరీ ఉంటుందే, మీరు చూడలేదా? ఎడమ పక్కన, ఇంత కాగితం..."

నేను వరండాలోకి నడిచాను. బంగారు అంచు బొమ్మ కింద నుంచి తెల్ల కాగితం కొస గోరంత బయటికి కనిపిస్తోంది.

"మోనే" అన్నాను, "నువ్వు బండేసుకుని వచ్చెయ్యి. నూనె డబ్బా తీసుకురా."

రెజి వచ్చేసరికి తొమ్మిదైంది. అప్పటికే ఇంజన్‌ని వరండా స్తంభానికి ఆనించి నిలబెట్టాం. రెజి ప్లగ్గులు ఊడదీసి, వాటి మీద గుడ్డ కప్పి, తాడు లాగితే గుడ్డంతా నల్లగా తడిసింది. "ఇదిగో, తాగింది ఎవరో తెలిసింది" అన్నాడు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. శుభ్రం చేసి, గీత దాకా నూనె పోశాడు రెజి. ఇక మిగిలింది ఒక్కటే పని. అసలు పేచీ అంతా అక్కడే వచ్చింది.

"బొమ్మని ఈ పక్క నుంచి తీసి ఆ పక్కన పెట్టండి. అప్పుడు మాత మొహం పైకే ఉంటుంది, ఇంజనూ సరిగ్గా పడుకుంటుంది" అన్నాడు రెజి.

మాట సులువు. తీసేదెవరు? ఫాదర్ నీళ్ళు చల్లిన బొమ్మ, వేళాంగణి నుంచి నడిచొచ్చిన బొమ్మ. క్లీటస్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా వల్ల కాదు, రోజూ సముద్రం మీదికెళ్ళేవాడిని." రెజి వంక చూస్తే, "నాకు జీతం ఇంజన్‌కే ఇస్తారు" అని రెండడుగులు వెనక్కి వేశాడు. మామయ్య ఇంజన్ వంకా గడియారం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. పన్నెండింటికి కమిటీ వచ్చేస్తుంది.

"మీ అందరికంటే నేనే నయం, తప్పుకోండి" అని నేను కొంగు దోపుకున్నాను.

"చెయ్యి తియ్యవే!" అని అరిచింది అత్త.

అందరం ఆగిపోయాం. ఆవిడ లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, గిన్నెలో ఇంత కొబ్బరినూనె పట్టుకొచ్చింది. ఇంజన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తను ఏమనుకుందో మొదట వినబడలేదు. తర్వాత గట్టిగానే అంది.

"అమ్మా, తప్పు నాదే. నిన్ను ఎక్కడ పెట్టాలో చూసుకోకుండా పెట్టాను. కుడి పక్కకి పడుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాపం, ఇదీ నాలాంటిదే. కోపం తెచ్చుకోకుండా ఇటు రా."

కొబ్బరినూనె అంచులకి రాసింది. గోటితో మెల్లగా, పసిపిల్ల నుదుటి మీద అంటుకున్న బొట్టు తీసినట్టు తీసింది. పావుగంట పట్టింది. బంగారు అంచు ఒక మూల చినిగింది గానీ మాత మొహం చెక్కుచెదరలేదు. కింద కంపెనీవాళ్ళ కాగితం బయటపడింది. దాని మీద చదువు రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రెండు ఇంజన్లు పడుకుని ఉన్నాయి. ఎడమ పక్కకి పడుకున్న దాని మీద సరి అని టిక్కు, కుడి పక్కకి పడుకున్న దాని మీద కొట్టివేత. అయిదు రోజుల మా ఏడుపంతా ఆవిడ బొటనవేలితో నొక్కిన జాగాలో ముందే గీసిపెట్టి ఉంది.

అందరం దాని మీదికి వంగాం. చివరికి అత్తే అంది. "చూస్తారేం? జిగురు తెండి."

మధ్యాహ్నం మాత కుడి పక్కన కూర్చుని సముద్రం మీదికెళ్ళింది. కమిటీ అంతా చెవులు రిక్కించి ఒడ్డున నిలబడింది. పడవ అల దాటింది, తిరిగింది, వచ్చింది. కిక్కురుమనలేదు. బెర్క్‌మాన్స్ చాలాసేపు ఇంజన్‌ని చూసి, "బొమ్మ పక్క మారిందే?" అన్నాడు.

"ఆ పక్క ఎండగా ఉందట" అన్నాను. అతనికి నేను ఇవ్వదలచుకున్న వివరం అంతే.

ఆదివారం పుణ్యవాళన్ విగ్రహాన్ని రంగుకాగితాల తోరణాల మధ్య మా పడవలో నిలబెట్టారు. మాలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు, పండగనాడు వెనక పడవల్లో తప్ప. నేను ఒడ్డున నిలబడితే మామయ్య ఇంజన్ పక్క నుంచి చెయ్యూపాడు.

"మర్సిలీ, నువ్విటు రా. దీని జబ్బు తెలిసినదానివి నువ్వు. నువ్వు లేకుండా నేను కదలను."

కమిటీలో ఇద్దరు గొణిగారు. ఫాదర్ నవ్వి తలూపాడు. నేను చీర పైకెత్తి మోకాళ్ళ దాకా నీళ్ళలో నడిచి పడవెక్కాను. బతుకంతా ఈ సముద్రం చేపలు అమ్ముకుని తిన్నాను గానీ మా సొంత పడవ ఎక్కడం అదే మొదటిసారి. అత్త ఒడ్డున జపమాల తిప్పుతూ ఉండిపోయింది.

ఇంజన్ పిడి మామయ్య పట్టుకున్నాడు. పక్కన క్లీటస్, ఎదురుగా నేను. వెనక ముప్పై పడవలు, బ్యాండు మేళం, టపాకాయలు. అలలు విరిగే చోటు దగ్గరపడుతుంటే మామయ్య దవడ బిగుసుకుంది. ఆయన ఏం లెక్కపెట్టుకుంటున్నాడో నాకు తెలుసు. అప్పుడు ఆగింది ఇక్కడే.

సరిగ్గా అక్కడే ఆయన మొహం పాలిపోయింది. 

"ఆగిపోయింది" అన్నాడు. "క్లీటసే, ఆగిపోయిందిరా! శబ్దం లేదు!"

పాత ఇంజన్లు చెవులు పగలగొడుతూ నడిచేవి. ఆ మోత ఆగితే ఇంజన్ ఆగినట్టు. జీవితమంతా ఆయన నమ్ముకున్నది ఆ మోతనే. దీనికి మోతే లేదు, ఆయనకి సగం చెవులే ఉన్నాయి, వెనక బ్యాండు ఒకటి.

"లేదప్పా, నడుస్తోంది" అన్నాడు క్లీటస్.

ఆయన నమ్మలేదు. నేను ముందుకి వంగి, ఆయన రెండో చేతిని పట్టుకుని ఇంజన్ మూత మీద, మాత పక్కన ఆనించాను. సన్నటి వణుకు ఆ అరచేతిలోకి పాకింది. ఆయన కళ్ళెత్తి ముందుకి చూశాడు. అల మా వెనక ఉంది. పుణ్యవాళన్ నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎదుట తేట సముద్రం.

"నడుస్తోంది" అన్నాడు మామయ్య. తర్వాత చిన్నపిల్లాడిలా పగలబడి నవ్వాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒకటి పిడి మీద, ఒకటి మూత మీద. ఒడ్డుకి తిరిగొచ్చేదాకా ఆ రెండు చేతులూ ఆయన తియ్యలేదు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచుకోవాలి?

మధ్యాహ్నం ఇంజన్‌ని మోసుకొచ్చి వరండాలో దించేటప్పుడు మగవాళ్ళిద్దరూ గడ దింపకుండా నా మొహం వంక చూశారు. "ఎడమ పక్కకి" అన్నాను. "మాత మొహం పైకి" అంది అత్త.

సాయంత్రం పూజకి వెళ్ళేటప్పుడు మామయ్య గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. అలవాటుగా చివరి వరస దగ్గర ఆగాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా సర్దుకుని, మధ్య దారిలో ముందుకి నడిచాడు. మొదటి వరసలో బెర్క్‌మాన్స్ తలెత్తి చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.